చైన్‌సా ఎందుకు ఎగదన్నుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గొడ్డలి పట్టే కూలీలు దొరకడం కష్టమైన కొద్దీ తోటల్లోకి చైన్‌సాలు వచ్చేశాయి. ట్రాక్టరు నడపడానికైనా ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పుతారు గాని, ఈ మిషన్‌ను మాత్రం కొట్టువాడు స్టార్ట్ చేసి చూపించి చేతికిచ్చేస్తాడు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం అదే కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడి, కొబ్బరి చెట్లు కూలిపోయినప్పటి నుంచి మా ఊళ్లో చైన్‌సాల వాడకం పెరిగింది. నేనూ 18 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పలక) ఉన్న పెట్రోలు మిషన్ కొన్నాను. మొన్న నేల మీద పడి ఉన్న జీడి కొమ్మను కోస్తుంటే, బార్ కొస వెనకాల ఉన్న మరో కొమ్మకు తగిలి, మిషన్ ఒక్కసారిగా నా ముఖం మీదికి లేచింది. చైన్ దానంతట అదే ఆగిపోవడంతో టోపీ అంచు తెగి ఊరుకుంది. మిషన్‌లో లోపం ఉందేమోనని నా అనుమానం. గట్టిగా పట్టుకుంటే అలా జరగదని మా పనివాళ్లు అంటున్నారు. ఏది నిజం?
— ఒక జీడి రైతు

జవాబు: మీ మిషన్‌లో లోపం లేదు. సరిగా పనిచేసింది కనుకనే మీరు ఈ ఉత్తరం రాయగలిగారు. మీకు ఎదురైనదాన్ని కిక్‌బ్యాక్ అంటారు. చైన్‌సా వల్ల తల, మెడ, భుజాలకు తగిలే ఘోరమైన గాయాల వెనుక ఎక్కువగా ఉండేది ఇదే. కారణం తెలిస్తే దీన్ని చాలావరకు తప్పించుకోవచ్చు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మిషన్ ఆపి, ప్లగ్ వైరు ఊడదీసి, బార్‌ను పక్క నుంచి చూడండి. చైన్ బార్ పైఅంచు మీదుగా మీకు దూరంగా ముందుకు పోతుంది, బార్ కొసన ఉన్న ముక్కు దగ్గర వంపు తిరిగి కిందికి దిగుతుంది, కింది అంచు వెంబడి మీ వైపు తిరిగి వస్తుంది. ఆ గుండ్రటి ముక్కును మధ్యకు ఒక అడ్డగీత గీసి రెండు భాగాలుగా ఊహించుకుంటే, పైభాగంలో ఉన్న పళ్లు ఒకే సమయంలో ముందుకూ కిందికీ కదులుతుంటాయి. అక్కడి పన్ను కర్రలో దిగబడి కోయలేక ఇరుక్కుందంటే, కర్ర దాన్ని అంతే బలంతో వెనక్కీ పైకీ నెడుతుంది. చైన్ కదలలేకపోతే దాన్ని తిప్పుతున్న ఇంజను బలమంతా బార్‌ను ఎత్తివేయడానికి ఖర్చవుతుంది. బార్ మీ చేతుల మధ్య ఇరుసు మీద తిరిగినట్లు తిరిగి, ముఖం, మెడ, ఎడమ భుజం ఉన్న వైపుకే వస్తుంది.

మిగతా బార్ మీద లేని ఈ ప్రమాదం ముక్కు దగ్గరే ఎందుకు అన్న సందేహం రావచ్చు. చైన్ మీద ప్రతి కోత పన్నుకూ ముందు ఒక చిన్న బొడిపె ఉంటుంది. మెకానిక్కులు దాన్ని రేకర్ అంటారు. పన్ను ఒక్క దెబ్బకు ఎంత లోతు దిగాలో నిర్ణయించేది అదే. బార్ తిన్నగా ఉన్నచోట రేకర్ తన పని తాను చేస్తుంది. ముక్కు వంపులో మాత్రం ముందున్న రేకర్ కిందికి వాలిపోయి, వెనకున్న పన్ను పైకి పొడుచుకు వస్తుంది. దాంతో పన్ను తన పరిమితికి మించి కర్రను పట్టుకుంటుంది. మీరు కోస్తున్న కొమ్మ వెనకాల ఉన్న కొమ్మకు ముక్కు తగిలినప్పుడు జరిగింది ఇదే.

ఇక గట్టిగా పట్టుకోవడం గురించి. పనివాళ్ల మాటలో సగమే నిజం ఉంది. పూర్తి వేగంలో చైన్ సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది. మనిషి ఒక విషయాన్ని కంటితో చూసి చేయి కదపడానికి మామూలుగా సెకనులో ఐదో వంతు పడుతుంది, ఆ లోపు చైన్ 4 మీటర్లు పోతుంది. బార్ లేచిందని తెలిశాక ఆపగలిగే బలవంతుడు లేడు. కానీ లేవకముందే సరైన పట్టు ఉంటే అది లేచే దూరం తగ్గుతుంది, చేతులు జారవు, అన్నిటికంటే ముఖ్యంగా ఎడమచేయి చైన్ బ్రేకుకు అందుబాటులో ఉంటుంది. కుడిచేయి వెనక పిడి మీద, ఎడమచేయి ముందు పిడి మీద ఉండాలి, ఎడమచేతివాటం వాళ్లైనా సరే. ఎడమ బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా పిడి కింద చుట్టుకుని ఉండాలి. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది బొటనవేలును వేళ్ల పక్కనే పైన ఆనించి పట్టుకుంటారు. అలా పట్టుకున్న చేయి మిషన్ ఎగిరిన క్షణాన పిడిని వదిలేస్తుంది.

మీ మిషన్‌ను ఆపింది ముందు పిడికి ఎదురుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ రెక్క. చాలామంది దాన్ని చేతికి అడ్డు అనుకుంటారు గాని, అది చైన్ బ్రేకు మీట. బార్ లేచినప్పుడు మీ మణికట్టు దానికి తగిలినా, ఆ కుదుపుకు రెక్క తన బరువుతోనే ముందుకు వాలినా, లోపల ఉక్కు పట్టీ బిగిసి చైన్ ఆగిపోతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు దీన్ని పరీక్షించడం అలవాటు చేసుకోండి: మిషన్‌ను నేల మీద ఉంచి, రెండు చేతులతో పట్టుకుని, రెక్కను ముందుకు నెట్టి బ్రేకు వేసి, రెండు మూడు సెకన్లు పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కితే చైన్ కదలకూడదు. కదిలిందంటే ఆ రోజు ఆ మిషన్‌తో పనిలేదు. జీడి, మామిడి వంటి జిగురున్న కర్ర కోసినప్పుడు పొట్టు నూనెతో కలిసి ముద్దగా మారి ఈ పట్టీ చుట్టూ చేరుతుంది కనుక, క్లచ్ మూత తీసి బ్రష్‌తో శుభ్రం చేయడం అవసరం. బ్రేకు అడ్డొస్తోందని రెక్క విరిచేసిన మిషన్లు కూడా ఊళ్లలో కనిపిస్తున్నాయి. వాటితో పనిచేయమని ఏ కూలీనీ అడగవద్దు.

బ్రేకు రెండో రక్షణ మాత్రమే. మొదటి రక్షణ ముక్కు ఎక్కడుందో ప్రతిక్షణం తెలిసి ఉండటం. కోసే కొమ్మ వెనకాల, ఆకుల మాటున ఏముందో ముందే చూసి, అడ్డొచ్చే చిన్న కొమ్మలను కత్తితో తొలగించి, ఆ తర్వాతే మిషన్ పెట్టండి. కోతను బార్ మొదలు దగ్గర, ఇంజనుకు ఆనుకుని ఉండే ఇనుప ముళ్లను కర్రకు ఆనించి మొదలుపెట్టండి. చైన్ కర్రను తాకకముందే పూర్తి వేగంలో ఉండాలి. శరీరాన్ని బార్‌కు నేరుగా వెనకాల కాకుండా కొంచెం ఎడమకు ఉంచితే, బార్ లేచినా తల దాని దారిలో ఉండదు. భుజం ఎత్తు దాటిన కొమ్మను కోయవద్దు. ఆ ఎత్తులో ముక్కు మీ కంటికి కనిపించదు, పైగా మెడ దానికి చాలా దగ్గరవుతుంది. నిచ్చెన మీద నుంచో కొమ్మ మీద కూర్చునో ఒంటిచేత్తో కోయడమంటే ఈ రక్షణలన్నిటినీ ఒకేసారి వదులుకోవడమే.

ప్రశ్న: మా తమ్ముడు ఖమ్మం జిల్లాలో జామాయిల్, సుబాబుల్ కోత కాంట్రాక్టులో పనిచేస్తాడు. చైన్ మొద్దుబారిందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, పళ్లకు పదును పెట్టి, ‘ఇంకా స్పీడుగా కోస్తుంది’ అంటూ రేకర్లను కూడా బాగా కిందికి అరగదీశాడట. నిజంగానే ఇప్పుడు కర్రలోకి దూసుకుపోతోంది. కానీ మిషన్ ఎక్కువగా గుంజుతోందని తమ్ముడు అంటున్నాడు. ఇందులో తప్పేమైనా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పు ఉందమ్మా. ఆ చైన్‌ను వెంటనే మార్చమని మీ తమ్ముడికి చెప్పండి. పన్ను ఎంత లోతు దిగాలో చెప్పేది రేకరే అని పై జవాబులో రాశాను. సాధారణంగా తోటల్లో వాడే చైన్లలో పన్ను కొసకూ రేకర్ పైభాగానికీ ఎత్తులో తేడా 0.65 మిల్లీమీటర్లు మాత్రమే. దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా దింపేస్తే ప్రతి పన్నూ పెద్ద ముక్కను కొరకబోతుంది. బార్ మధ్యలో అది గుంజుడుగా తెలుస్తుంది, ముక్కు దగ్గర అదే కిక్‌బ్యాక్ అవుతుంది. కోత వేగం పెరిగిందని సంతోషించినంత సేపే ప్రమాదం కూడా పెరిగి ఉంటుంది. ఇంజను, క్లచ్ కూడా త్వరగా పాడవుతాయి.

అసలు పదును గురించి మెకానిక్ మీద ఆధారపడవలసిన పనిలేదు. చైన్ సైజుకు సరిపోయే గుండ్రటి ఆకురాయి, ఒక చదును ఆకురాయి, రేకర్ ఎత్తు చూసే చిన్న ఇనుప గేజి కొనుక్కుంటే పొలం గట్టు మీదే పది నిమిషాల్లో పదును పెట్టుకోవచ్చు. గుండ్రటి ఆకురాయి మందం చైన్‌ను బట్టి 4 మిల్లీమీటర్లో, 4.8 మిల్లీమీటర్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది. చైన్ పెట్టె మీద రాసి ఉన్నదే కొనాలి. పన్ను మీద గీసి ఉండే సన్నగీతకు సమాంతరంగా, లోపలి నుంచి బయటికి, ప్రతి పన్నుకూ ఒకే లెక్కన రాయాలి. ఆకురాయిని వెనక్కి తెచ్చేటప్పుడు పన్నుకు తాకనివ్వకూడదు. ఎడమ పళ్లకు మూడు సార్లు రాసి కుడి పళ్లకు ఆరు సార్లు రాస్తే కోత వంకరగా పోతుంది. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఒకసారి గేజి పెట్టి చూసి, రేకర్ ఎత్తుగా ఉంటేనే చదును ఆకురాయితో గేజి చెప్పినంత వరకు తగ్గించి, దాని ముందు అంచును మళ్లీ గుండ్రంగా చేయాలి.

మొద్దుబారిన చైన్ కూడా సురక్షితం కాదు. కోత నుంచి రవ్వలాంటి ముక్కలు రాలుతుంటే పదును ఉన్నట్లు, మెత్తటి పిండిలా పడుతుంటే పదును పోయినట్లు. పదును లేనప్పుడు మనిషి మిషన్‌ను కర్ర మీదికి నొక్కుతాడు, అలసిపోతాడు, కర్ర తెగిన క్షణాన ఆ బరువుకు బార్ కాళ్ల మీదికి జారుతుంది. కొత్త చైన్ కొనేటప్పుడు, రేకర్ పక్కన కిక్‌బ్యాక్‌ను తగ్గించే అదనపు బొడిపె ఉన్న రకాన్ని అడిగి తీసుకోవాలి. ధరలో తేడా స్వల్పం.

ప్రశ్న: గాలివానకు మా కొబ్బరితోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోస్తుంటే చైన్ సగంలో ఇరుక్కుపోతోంది. ఒక మాను తెగగానే పక్కకు ఎగిరి పనివాడి మోకాలికి తగిలింది. ఏ వైపు నుంచి కోయాలి?
— కోనసీమ నుంచి ఒక రైతు

జవాబు: నిలబడి ఉన్న చెట్టు కంటే పడిపోయిన చెట్టును కోయడమే ఎక్కువ ప్రమాదం. ఎక్కడెక్కడ బలం దాగి ఉందో అది బయటికి చెప్పదు. కోసే ముందు మాను చుట్టూ ఒకసారి తిరిగి, అది దేని మీద ఆని ఉంది, ఎటు వంగి ఉంది అని చూడాలి. మాను రెండు కొసలూ ఆని మధ్యలో గాలిలో ఉంటే, పైభాగం నొక్కుకుపోయి, కిందిభాగం సాగి ఉంటుంది. అప్పుడు పై నుంచి మూడో వంతు వరకు కోసి ఆపి, మిగతాది కింది నుంచి పైకి కోసి కలపాలి. ఒక కొసే ఆని రెండోది గాలిలో వేలాడుతుంటే ఇది తిరగబడుతుంది: ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. మొదటి కోత ఎప్పుడూ నొక్కుకుపోయిన వైపే, రెండోది సాగిన వైపు. వరస మారిస్తే మీరు రాసిన రెండు అనుభవాలే ఎదురవుతాయి, అంటే చైన్ ఇరుక్కోవడం లేదా మాను చీలి ఎగరడం.

కింది నుంచి కోసేటప్పుడు బార్ పైఅంచు కర్రను తాకుతుంది, అక్కడ చైన్ ముందుకు పోతుంది కనుక మిషన్ మిమ్మల్ని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడును తట్టుకునేలా వెనక పిడిని కుడి తొడకు ఆనించి, కాళ్లు ఎడంగా నిలబడి, ముక్కు మరో మానుకు తగలకుండా చూసుకోవాలి. మాను పక్కకు విల్లులా వంగి ఉంటే, వంపు లోపలివైపే నిలబడాలి, ఎందుకంటే తెగినప్పుడు అది ఉబ్బిన వైపుకు ఎగురుతుంది. మీ పనివాడు బహుశా బయటివైపు నిలబడి ఉంటాడు.

ఇరుక్కున్న చైన్‌ను మిషన్ ఆన్‌లో ఉంచి గుంజవద్దు. ఇంజను ఆపి, కోతలో ప్లాస్టిక్ లేదా కర్ర మేకు దిగ్గొట్టి సందు తెరిచి, బార్‌ను తిన్నగా వెనక్కి తీయాలి. ఇనుప మేకు అయితే చైన్ తగిలి పళ్లు ఎగిరిపోతాయి.

కొబ్బరి గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. మామిడి, జీడి మానుల్లో నడుమ చేవ గట్టిగా ఉంటే, కొబ్బరిలో బయటి పొర గట్టిగా ఉండి లోపల పీచు మెత్తగా ఉంటుంది. బార్ గట్టి పొరను దాటగానే ఒక్కసారిగా లోపలికి దిగిపోతుంది. అవతలి అంచు గట్టిపొరకు ముక్కు పైభాగం తగిలేది అప్పుడే. కనుక మాను లావు కంటే బార్ పొడవుగా ఉండి, ముక్కు అవతల బయటికి కనిపిస్తూ ఉండటం మేలు. వరదనీరు తగిలిన మానుల మీద ఇసుక, బురద గీకి తీసేయకపోతే చైన్ కొద్దిసేపటికే మొద్దుబారుతుంది.

వేళ్లతో సహా పెకలించుకుని పడిన చెట్టు దగ్గర ఇంకొక ప్రమాదం ఉంది. పైనున్న మాను బరువు తొలగగానే, నిలువుగా లేచి ఉన్న వేరుముద్ద తిరిగి తన గుంటలోకి పడిపోవచ్చు. గుంటలో మనుషులు, పిల్లలు, పశువులు లేకుండా చూసి, వేరుముద్దను తాళ్లతో కట్టి ఆపిన తర్వాతే కోయాలి. కరెంటు తీగల మీద పడ్డ చెట్టును మాత్రం విద్యుత్ శాఖవాళ్లు వచ్చి సరఫరా ఆపామని చెప్పేవరకు ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండరుకు బిగించుకునే చైన్‌సా బార్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరుకుతోంది. చిన్న కొమ్మలకు వాడవచ్చా?
— అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాడవద్దు. దానికి చైన్ బ్రేకు లేదు, వెనక పిడి లేదు, చైన్ తెగితే చేతికి అడ్డు లేదు. పైగా గ్రైండరు చైన్‌సా వేగానికి తయారైనది కాదు, చాలావాటికి స్విచ్ నొక్కి వదిలేస్తే ఆన్‌లోనే ఉండిపోతుంది. అంటే చేయి జారినా చైన్ ఆగదు. చిన్న కొమ్మలకు వంపు రంపం చాలు, కొంచెం పెద్దవాటికి చైన్ బ్రేకు ఉన్న చిన్న బ్యాటరీ చైన్‌సా కొనవచ్చు. చప్పుడు తక్కువ కనుక బ్యాటరీ మిషన్ ఎగదన్నదని కొందరు అనుకుంటారు. చైన్, బార్ ఉన్న ప్రతి మిషన్‌కూ కిక్‌బ్యాక్ ఉంటుంది.

ప్రశ్న: విదేశాల్లో చైన్‌సా వాళ్లు మందపాటి ప్యాంట్లు, హెల్మెట్లు వేసుకుంటారు. మా కర్నూలు ఎండల్లో అవన్నీ సాధ్యమేనా? తప్పనిసరిగా ఉండవలసినవేమిటి?
— ఒక మామిడి రైతు

జవాబు: ఎండ నిజమే, మీ ఇబ్బందిని తేలిగ్గా తీసుకోను. అయితే ఆ ప్యాంటు మందంగా ఉన్నది కోత ఆలస్యం చేయడానికి కాదు. లోపల పొరలు పొరలుగా ఉన్న పొడవాటి పోగులు చైన్ తగలగానే బయటికి వచ్చి, దాన్ని తిప్పే చక్రానికి చుట్టుకుని చైన్‌ను ఆపేస్తాయి. ఎంత వేగంలో ఆపగలదో దాన్ని బట్టి తరగతులుంటాయి: మొదటిది సెకనుకు 20 మీటర్లు, రెండోది 24, మూడోది 28. పూర్తి ప్యాంటు మోయలేకపోతే, కాళ్ల ముందుభాగాన్ని మాత్రమే కప్పి వెనక బకిల్స్‌తో బిగించుకునే రకం ఉంది, గాలి ఆడుతుంది, మామూలు ప్యాంటు మీదే కట్టుకోవచ్చు. ఒకసారి చైన్ తగిలి పోగులు బయటికి వస్తే దాన్ని కుట్టి మళ్లీ వాడకూడదు. చైన్‌సా గాయాలు ఎక్కువగా తగిలేది కాళ్లకు, అందులోనూ ఎడమకాలికి కనుక, డబ్బు ఒక్కదానికే సరిపోతే నేను దీన్నే కొనమంటాను.

దాని తర్వాత ముఖానికి జాలీ, చెవులకు మఫ్‌లు కలిసే ఉన్న హెల్మెట్. పెట్రోలు మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదు. ముందుభాగం ఉక్కుతో గట్టిపరచిన బూట్లు, పిడి జారని చేతి తొడుగులు కావాలి. లుంగీ, వేలాడే కండువా, చెప్పులతో చైన్‌సా దగ్గరికి ఎవరినీ రానివ్వవద్దు. ఎండ సంగతికి వస్తే, పనిని పొద్దున పదింటిలోపు ముగించుకోండి. చెమట కళ్లలోకి కారుతున్న మనిషికి ముక్కు ఎటుందో కనిపించదు. గంటల తరబడి ఆపకుండా కోయడం వల్ల వేళ్లు తిమ్మిరెక్కితే, పట్టు సడలిపోయిందని అర్థం, మిషన్ కింద పెట్టేయాలి.

ఒక్కరే ఎప్పుడూ కోయవద్దు. రెండో మనిషి కోత దగ్గర కాక, పిలిస్తే వినిపించేంత దూరంలో ఉండాలి. చెట్టును నరికి పడగొడుతున్నప్పుడైతే చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో నిలబడాలి. అతని దగ్గర ఛార్జింగ్ ఉన్న ఫోను, శుభ్రమైన గుడ్డల కట్ట ఉండాలి. గాయమైతే గుడ్డను గాయం మీద పెట్టి రెండు చేతులతో నొక్కి పట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా, 108కి ఫోన్ చేయించాలి. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి పెట్టి నొక్కుతూనే ఉండాలి. పసుపు, కాఫీపొడి వంటివి చల్లవద్దు. తోటలోకి అంబులెన్సు ఏ దారిన రాగలదో పని మొదలుపెట్టే ముందే ఇద్దరూ అనుకుని ఉండండి.